ప్రాథమిక తరగతి గదిలో అల్లరి: అదుపు, నిర్వహణ

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు పాఠం సాగనీయకుండా చేసే పనులన్నిటికీ బడి వాడుకలో ఉన్న పేరు అల్లరి. అందులో ఎక్కువ భాగం చిన్నాచితకా విషయాలే: పక్కవాడితో కబుర్లు, ఊరికే లేచి తిరగడం, పెన్సిలు లాక్కోవడం, ‘సార్, వీడు గిల్లుతున్నాడు సార్’ అని ఫిర్యాదులు, ఒకరు ఒకటికి వెళ్తానంటే వెనకే నలుగురు లేవడం. రక్తం కారేలా కొట్టుకోవడం, టీచరు మీద తిరగబడటం లాంటివి ఈ వయసులో అరుదు. శిక్షల గురించి మనం చేసే చర్చ మాత్రం ఎప్పుడూ ఆ అరుదైన వాటి చుట్టూనే తిరుగుతుంది. టీచరు గొంతునీ ఓపికనీ రోజూ హరించేది చిన్న అల్లరి. దాన్ని అదుపు చేయడంలో గత అరవై ఏళ్ళ పరిశోధన తేల్చిన ముఖ్య విషయం ఒకటుంది. తప్పు జరిగాక టీచరు ఏం చేశారన్నది జనం అనుకునేంత పెద్ద విషయం కాదు; అంతకు ముందు పాఠం ఎలా నడుస్తోందన్నదే పెద్ద విషయం. ఈ మాట బెత్తాన్ని నమ్మేవారికీ నచ్చదు, నాలుగు మంచి మాటలు చెబితే పిల్లలు మారిపోతారనేవారికీ నచ్చదు.

తెలుగునాట వీధిబడుల కాలం నుంచీ అల్లరికి మందు శిక్షే. బెత్తం, తొడపాశం, గోడకుర్చీ, గుంజీళ్ళు, దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడవలసిన కోదండం – ఇంత పెద్ద జాబితా పుట్టిందంటే వాటిలో ఏ ఒక్కటీ సరిగా పనిచేయలేదనే అనుకోవాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించి, అతిక్రమిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుందని చెప్పింది. ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి పంపేయకూడదన్నది మరో నిబంధన. చట్టం అమలుకు కాస్త ముందు, 2009లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఏ స్థితిలో ఉన్నారో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం లెక్క తీసింది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి రాష్ట్రంలోనూ వేలమంది పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనమది. దానిలో ఇక్కడి ఎనిమిదేళ్ళ పిల్లల్లో 78 శాతం మంది అంతకు ముందు వారంలో బడిలో దెబ్బలు తిన్నామన్నారు. తోటివారిని టీచరు కొట్టగా చూశామన్నవారు పదిమందిలో తొమ్మిదిమందికి పైనే. పదిహేనేళ్ళవారిలో దెబ్బలు తిన్నామన్నవారు 34 శాతమే. దెబ్బలు చిన్నవాళ్ళకే ఎక్కువ పడుతున్నాయి. తప్పు పెద్దదైతే దెబ్బ పడుతుందన్నది నిజమైతే లెక్క తిరగబడి ఉండాలి. తిరిగి కొట్టలేనివాడికే పడుతోందన్న అనుమానానికి ఈ అంకెలు చోటిస్తున్నాయి.

‘మేమూ తన్నులు తినే చదువుకున్నాం, బాగుపడలేదా’ అన్నది ఇక్కడ తప్పక వచ్చే ప్రశ్న. పిల్లవాణ్ణి బళ్ళో వేస్తూ ‘మాట వినకపోతే నాలుగు తగిలించండి సార్’ అనే తండ్రికి కూడా ఆ నమ్మకమే ఆధారం. ఆ మాట అనగలుగుతున్నవారు చదువు గట్టెక్కినవారు. దెబ్బలకు జడిసి మూడో తరగతిలోనే బడి మానేసి పశువుల వెంట వెళ్ళినవారిని ఎవరూ పిలిచి సాక్ష్యం అడగరు. పైగా బెత్తం పనిచేస్తున్నట్టు కనబడటానికి కారణం ఉంది: దెబ్బ పడగానే గది నిశ్శబ్దమవుతుంది. టీచరుకు ఆ క్షణంలో దక్కే ఊరటే ఆ పద్ధతిని బతికిస్తుంది. పావుగంటకు మళ్ళీ గోల మొదలవుతుంది, మళ్ళీ బెత్తం లేస్తుంది. రోజూ అదే పిల్లవాడు అదే తప్పుకు దెబ్బ తింటున్నాడంటే, తప్పును ఆపే పని ఆ దెబ్బ చేయడం లేదని తేలినట్టే.

ముందు జరిగే పాఠమే ముఖ్యమన్న మాటకు గట్టి ఆధారం అమెరికాలోని డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జేకబ్ కూనిన్ చేసిన పని. తరగతుల వీడియోలు తీసి పరిశీలించిన ఆయన ఫలితాలను 1970లో పుస్తకంగా తెచ్చారు. అల్లరి తక్కువగా ఉండే తరగతుల టీచర్లు మందలించే తీరులో ఏదో కిటుకు ఉంటుందన్న ఊహతో ఆయన మొదలుపెట్టారు. స్పష్టంగా మందలించారా, కటువుగా మందలించారా, మెత్తగా చెప్పారా అని కొలిచి చూస్తే పిల్లల ప్రవర్తనతో వీటికి సంబంధమే కనబడలేదు. మంచి తరగతికీ గందరగోళపు తరగతికీ తేడా వేరేచోట దొరికింది. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచరుకు తెలుసునని పిల్లలకు తెలియడం మొదటిది. బోర్డు మీద రాస్తూనే ‘రాజూ, ఆ స్కేలు లోపల పెట్టు’ అనగలిగే టీచరు దగ్గర గోల పెరగదు. రాజు స్కేలుతో గుచ్చితే అరిచిన రవిని తిట్టే టీచరు దగ్గర, లేదా స్కేలు నలుగురి చేతులు మారాక మేల్కొనే టీచరు దగ్గర పెరుగుతుంది. ఇక రెండోది పాఠం ఒరవడి. ఒక లెక్క మొదలుపెట్టి మధ్యలో వదిలి ‘భోజనం డబ్బాలు ఎవరు తేలేదు?’ అని అడిగి, మళ్ళీ లెక్కకు రావడం. కింద పడిన ఒక కాగితం ముక్క గురించి ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇవ్వడం. ముప్ఫైమందీ చేయగల పనిని ఒక్కొక్కరిచేత చేయించడం – ఇలా పాఠం తెగిన ప్రతిచోటా అల్లరి దూరుతుందని ఆయన గమనించారు.

మన బడుల్లో ఆ తెగే చోట్లు ఎక్కడో వెతకనక్కర్లేదు. నోటుపుస్తకాలు దిద్దే వేళ చూడండి. కుర్చీ చుట్టూ పదిహేనుమంది మూగుతారు. దిద్దించుకున్నవారికి తర్వాత చేయడానికి పనేమీ ఉండదు, దిద్దించుకోవలసినవారికి ఎదురుచూడటం తప్ప పనేమీ ఉండదు, టీచరు కళ్ళు పుస్తకంలో ఉంటాయి. తోపులాట అక్కడే పుడుతుంది. వరసకు ఐదుగురి చొప్పున పిలిచి, మిగిలినవారికి బోర్డు మీద రెండు లెక్కలు ఉంచితే ఆ తోపులాటకు శిక్ష ఆలోచించే అవసరమే రాదు. పీరియడుకూ పీరియడుకూ మధ్య, మధ్యాహ్న భోజనానికి చేతులు కడిగే దగ్గర, టీచరు ఆన్‌లైన్ హాజరుకో యాప్‌లో ఫొటో ఎక్కించడానికో ఫోను పట్టుకున్నప్పుడు జరిగేదీ ఇదే. చివరిది టీచరు తప్పు కాదు గానీ పిల్లలకు ఆ తేడా తెలియదు.

టీచరు బయటికి వెళ్తూ క్లాస్ లీడరుకు సుద్దముక్క ఇవ్వడం మన బడుల్లో పాత ఏర్పాటు. ‘మాట్లాడినవారు’ అని బోర్డు మీద రాసి లీడరు పేర్లు ఎక్కిస్తాడు. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు, ఇంకా మాట్లాడితే మరోటి. నాలుగు ఇంటూలు వచ్చినవాడు కాసేపటికి సిగ్గుపడటం మానేసి ఐదోదానికి పోటీ పడతాడు. బోర్డు మీద పేరు ఎక్కడానికి ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క దారి మాట్లాడటమే మరి. అమెరికాలోనే 1968లో మ్యాడ్సెన్, బెకర్ తదితరులు ఒకటో తరగతిలో చేసిన ప్రయోగం ఈ చిక్కుముడిని విప్పింది. టీచర్లు ‘కూర్చో, కూర్చో’ అని ఎంత ఎక్కువసార్లు అంటే పిల్లలు అంత ఎక్కువగా లేచి నిలబడ్డారు. కూర్చుని పనిచేసుకుంటున్నవారిని మెచ్చుకోవడం మొదలుపెట్టాక లేవడం తగ్గింది. అదే ఏడాది మరో అధ్యయనంలో వారు నియమాలు చెప్పడం, అల్లరిని పట్టించుకోకపోవడం, మంచి ప్రవర్తనను మెచ్చుకోవడం అనే మూడింటినీ విడివిడిగా చూశారు. నియమాలు చెప్పినంత మాత్రాన దాదాపు ఏమీ మారలేదు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించవలెను’ అని రంగులతో రాయించిన బడులు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి. ఊరికే పట్టించుకోకుండా ఉన్నా లాభం కలగలేదు. మెచ్చుకోలు తోడయ్యాకే తేడా వచ్చింది.

పొగడ్తలకూ బహుమతులకూ అలవాటు పడిన పిల్లలు అవి లేనిదే పనిచేయరన్న అభ్యంతరం తేలిగ్గా తీసేయదగినది కాదు. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో చూపింది ఇదే: బొమ్మలు వేయడం ఇష్టమైన పసిపిల్లలకు, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చాక, తర్వాత ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలతో గడిపే సమయం సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనబడలేదు. కాబట్టి చాక్లెట్లు ఎర వేసి తరగతి నడపాలనుకోవడం పొరపాటే. ఇష్టంగా చేస్తున్న పనికి లంచం అక్కర్లేదు. కుదురుగా ఉండటం ఇంకా అలవాటు కాని పిల్లల సంగతి వేరు. కాన్సస్‌లో 1969లో రూపొందిన ‘గుడ్ బిహేవియర్ గేమ్’లో నాలుగో తరగతిని రెండు జట్లు చేసి, తప్పులు తక్కువ చేసిన జట్టుకు భోజనానికి ముందు వెళ్ళడం, కాస్త ఎక్కువసేపు ఆడుకోవడం లాంటివి ఇచ్చారు. ఖర్చు లేదు, ఒక్కడిని బోనెక్కించడం లేదు. బాల్టిమోర్‌లో 1985లో ఒకటో తరగతి పిల్లలతో ఈ ఆట ఆడించి పెద్దయ్యేదాకా వారిని గమనిస్తే, మొదట్లో బాగా దూకుడుగా ఉన్న మగపిల్లల్లో తర్వాత మత్తుమందుల వాడకం వంటి సమస్యలు తక్కువగా తేలాయి. అయితే జట్టు ఓడిపోవడానికి కారణమైనవాణ్ణి తోటివారు ఏడిపించే ప్రమాదం ఇందులో ఉంది. టీచరు కన్ను దాని మీద ఉండాలి.

పాఠం ఒరవడి అంటే అందులో భాష కూడా ఉంది, స్థాయి కూడా ఉంది. ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని 2018 అసర్ సర్వే దేశమంతటి గ్రామాల నుంచి చెప్పింది. కరోనా తర్వాత, 2022లో, పరిస్థితి ఇంకా దిగజారింది. చదవలేని పుస్తకం ముందు నలభై ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవడం పెద్దలకైనా సాధ్యం కాదు. కోయ, సవర, కోలామి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు తెలుగే పరాయి భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇరవై ఏళ్ళ కిందట ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది అందుకే. తెలుగు ఇంటి పిల్లలకు ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో అదే అనుభవం ఎదురవుతోంది. ఇలాంటి గదిలో అల్లరిని క్రమశిక్షణ లోపంగా రాసుకోవడం రోగాన్ని వదిలి జ్వరాన్ని తిట్టడమే. తెలంగాణ 2022లో మొదలుపెట్టిన ‘తొలిమెట్టు’ను చదువు, లెక్కల కార్యక్రమంగానే చూస్తాం గానీ, పిల్లవాడి స్థాయికి పాఠం దించితే గోల కూడా తగ్గాలి.

ఇదంతా విన్న టీచరు అడిగే అసలు ప్రశ్న వేరు: ‘ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే, ఇవన్నీ ఎలా చేయను?’ అరవైమంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏకోపాధ్యాయ పాఠశాలలు వేలల్లో ఉన్నాయి. ఒక తరగతికి చెబుతుంటే నాలుగు తరగతులు ఖాళీగా ఉండే చోట కూనిన్ చెప్పిన, గది మొత్తం మీద ఎరుక ఒక్కటే చాలదు. ఆ ఇబ్బంది నిజం. దీనికి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఒక జవాబు తయారుచేసింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెన పటం పెట్టి, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీదున్నాడో వాడికే తెలిసేలా చేశారు. కుందేలు బొమ్మ కార్డు అయ్యాక తర్వాతి బొమ్మ కార్డు తనే తెచ్చుకుంటాడు. కొందరు టీచరు దగ్గర కూర్చుంటారు, కొందరు తోటివారి సాయంతో చేస్తారు, కొందరు ఒంటరిగా చేసుకుంటారు. ఆ నమూనా చెన్నై నగరపాలక బడులకు 2003లో చేరి, కొన్నేళ్ళలో తమిళనాడు అంతా పాకింది. ఈ పద్ధతిలో పిల్లలు గదిలో తిరుగుతారు, మాట్లాడుకుంటారు. పాత లెక్కలో అదంతా అల్లరే. పనిలో భాగమైన కదలికను తప్పుల పట్టీ నుంచి తీసేయడం వల్లనే సగం గొడవ తగ్గింది. కార్డులు అచ్చు వేయించి, చిరిగినవి మార్చి, టీచరుకు నేర్పకపోతే ఇదీ మూలన పడుతుంది. చట్టం బెత్తం తీసుకుంది గానీ దాని స్థానంలో నేర్పు ఇవ్వలేదన్న ఉపాధ్యాయుల ఫిర్యాదులో అందుకే న్యాయం ఉంది.

పాఠం ఎంత బాగా నడిచినా కుదురుకోని పిల్లలు ప్రతి బడిలో ఒకరిద్దరు ఉంటారు. ఇంట్లో తాగుడు, తన్నులాటలు చూసి వచ్చేవారు, వినికిడి తక్కువైనవారు, డిస్లెక్సియా ఉన్నవారు, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ పిల్లలు వీరిలో ఉండవచ్చు. పై వాదన వీరికి పూర్తిగా వర్తించదని ఒప్పుకోవాలి. ఇక్కడ టీచరు చేయగల మేలైన పని, తీర్పు చెప్పేలోపు రెండు వారాలు రాసిపెట్టడం: గొడవ ఏ వేళప్పుడు, దానికి ముందు గదిలో ఏం జరుగుతోంది, తర్వాత పిల్లవాడికి ఏం దక్కింది. ఆ కాగితం తల్లిదండ్రులతో మాట్లాడటానికి ‘మీవాడు మాట వినడు’ అన్న మాటకన్నా పనికొస్తుంది. బడిపిల్లలను పరీక్షించడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు తిరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలైంది కూడా బడిపిల్లలతోనే. ఆ కాగితం ప్రకారం గొడవలన్నీ భోజనం బెల్లుకు ముందే జరుగుతుంటే పొద్దున ఏం తిని వచ్చాడో అడగాలి. వంతుగా పైకి చదివించేటప్పుడే జరుగుతుంటే వాడికి చదవడం వచ్చో లేదో విడిగా చూడాలి. ఎక్కాలు ఒప్పజెప్పేటప్పుడు బుద్ధిగా ఉండి, బోర్డు చూసి రాసుకునేటప్పుడే లేచి తిరిగే పిల్లవాణ్ణి మొదట పంపవలసింది కంటి పరీక్షకు.