నికాహ్: ఒక మాట, రెండర్థములు

గంగలో పల్లె యున్నదని యెవరైన పలికినచో, పల్లె నీటిలో నున్నదని మనము భావింపము. గట్టున నున్నదని గ్రహింతుము. మొదటిది ముఖ్యార్థము, రెండవది లక్ష్యార్థము. మన ఆలంకారికులు చేసిన యిట్టి విభాగమునే అరబ్బు ధర్మవేత్తలు హకీకత్, మజాజ్ అను పేర్లతో చేసిరి. వారి చేతిలో నిది కావ్యచర్చగా నిలిచిపోక, ఎవరు ఎవరిని పెండ్లాడవచ్చునో తేల్చు సాధన మయ్యెను.

'నికాహ్' అను పదమునే చూతము. కలయిక దీని మూలభావ మందురు. క్రీ.శ. 767లో మరణించిన ఇమాం అబూ హనీఫా మార్గమునకు చెందిన పండితులు, స్త్రీపురుషుల దేహసంగమమే దీని ముఖ్యార్థ మనియు, వివాహపు టొడంబడిక లక్ష్యార్థ మనియు చెప్పిరి. ఒడంబడిక కారణము, సంగమము కార్యము. కార్యము పేరు కారణమునకు వచ్చినదని వారి యుపపత్తి. 820లో మరణించిన ఇమాం షాఫియీ అనుయాయులు దీనిని తారుమారు చేసి, ఒడంబడికయే ముఖ్యార్థ మనిరి. ఖురాను 33వ అధ్యాయము 49వ వాక్యము, నికాహ్ జరిగిన పిదప స్పర్శకు ముందే విడాకులిచ్చు సందర్భమును పేర్కొనుచున్నది. అచ్చట ఒడంబడిక తప్ప వేరర్థము పొసగదు గదా!

ఈ భేదమునకు ఫలమేమి? తండ్రి నికాహ్ చేసికొనిన స్త్రీని కుమారుడు నికాహ్ చేసికొనరాదని 4వ అధ్యాయము 22వ వాక్యము శాసించును. తండ్రి వివాహము లేకయే యొక స్త్రీని కూడెననుకొందము. హనఫీ మార్గమున ఆమె కుమారునకు నిషిద్ధురాలు. షాఫియీ మార్గమున కాదు.

పెండ్లినాటి పలుకులయందును ఇట్టి వివాదమే కలదు. కన్యాదాన మను మాట మనకు పరిచితమే. సాక్షులయెదుట 'ఈమెను నీకు దానమిచ్చితిని' అని పలికి, వరు డంగీకరించినచో, దానశబ్దము లక్షణచే వివాహమునే తెలుపునని హనఫీలు ఒప్పుకొందురు. అట్టి మాట ప్రవక్తకు మాత్రమే ప్రత్యేకమనియు, ఇతరులకు నికాహ్, తజ్వీజ్ అను పదములే కావలెననియు షాఫియీలు వాదింతురు. బాడుగను దెలుపు మాటను మాత్రము హనఫీలలో ప్రబలపక్షమును త్రోసిపుచ్చినది. బాడుగకు గడువు కలదు, వివాహమునకు లేదు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. హైదరాబాదు ముస్లిములలో హనఫీలే యెక్కువ. హద్రమౌత్ నుండి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల వంశీయులది షాఫియీ సంప్రదాయము. శబ్దార్థవిచారము పండితుల కాలక్షేపమని తలచువారు, ఒక్క మాట యర్థముపై ఒక స్త్రీ భార్య యగునో కాదో యను నిర్ణయ మాధారపడుట గమనింతురు గాక.