కోయ మాట ఏ పద్దు కింద?

1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి విడదీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. నదికి ఇవతల పాల్వంచ వైపు నిజాం ఏలుబడి. రెండు ఒడ్డులా కోయవాళ్లే. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ ఆ దశకంలోనే ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో ఈ తాలూకాల మీద రాయడం మొదలుపెట్టాడు. ఆయన కోయ మాట వినపడే చోటే కూర్చుని రాశాడు. భారత భాషా సర్వేను నడిపిన గ్రియర్సన్ దారి వేరు. 1906లో వచ్చిన భాషా సర్వే నాలుగో సంపుటం కోయను గోండి మాండలికాల్లో చేర్చింది. ఆ సర్వే మద్రాసు ప్రెసిడెన్సీలో గానీ హైదరాబాదు సంస్థానంలో గానీ జరగనేలేదు; అంటే ఇక్కడి గోదావరి రెండు గట్లూ దాని హద్దుకు బయటే. అయినా పద్దు ఖాయమైపోయింది. కోయ గోండికి దగ్గర చుట్టమన్న మాటలో తప్పు లేదు. కానీ చుట్టరికం ఉన్నంత మాత్రాన వేరు కుంపటి లేదనగలమా? చుట్టరికమే కొలబద్ద అయితే తెలుగు కూడా గోండి, కోయలున్న దక్షిణ మధ్య ద్రావిడ శాఖదే. దాన్ని గోండి పద్దులో రాసే సాహసం మాత్రం ఎవరూ చేయలేదు. 1969లో స్టీఫెన్ టైలర్ కోయల్లో ఒక శాఖ అయిన గొమ్ముకోయల మాటకే విడిగా వ్యాకరణం ప్రచురించాడు.

పద్దులు కలపకపోతే లెక్క తేలదన్న వాదన ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. 2011 జనగణనలో మాతృభాష పేరిట వచ్చిన ముడి జవాబులు 19,569. వాటిని వడకట్టి 1,369 పేర్లకు తెచ్చారు. మరో 1,474 పేర్లు ఏ గడిలోనూ ఇమడలేదు. పదివేల మంది లేని పేర్లను విడిగా చూపక, మిగిలినవాటిని 121 భాషల కింద సర్దారు. అందులో కోయకు సొంత పద్దే దక్కింది, 4,07,423 మందితో. అయితే చిక్కు వడపోత కన్నా ముందే, గడప దగ్గరే మొదలవుతుంది. చిన్నప్పుడు తల్లి ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష అని నిబంధన. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిచ్చే మనిషి ముందు గణకుడు ఆ నిబంధన విప్పి చెప్పకపోతే, ‘తెలుగు’ అని రాసుకుని పక్కింటికి పోతాడు. ఆ తర్వాత ఎంత నేర్పుగా వర్గీకరించినా ఆ కోయ మాట తిరిగి రాదు. గడుల చిక్కు జనగణనకే పరిమితం కాదు. ఒక కంప్యూటరును మరో కంప్యూటరులా నడిపించే ఎమ్యులేటర్ల మీద వచ్చే తప్పుల ఫిర్యాదులను ఇవాళ భాషా నమూనాలకిచ్చి వర్గాలుగా విడదీయిస్తున్నారు. అక్కడా గడుల పేర్లు ముందే ఇచ్చేస్తే, ఎందులోనూ పట్టని ఫిర్యాదు దగ్గరున్న గడిలోకి జారుకుంటుంది. గడులు వద్దని కాదు, ముడి జవాబును దాచి ఉంచాలి, గడి మార్చుకునే వీలుండాలి. 2014లో కూనవరం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలాక, ఒకే గొమ్ముకోయ మాట ఇకపై రెండు రాష్ట్రాల పట్టికల్లో పడుతుంది. రెండు చోట్లా ఇంటింటి జవాబు ఉన్నదున్నట్టు ఉంటే తప్ప వాటిని మళ్లీ కలిపి చూడలేం.