చుక్క కదులుతోంది

అర్ధరాత్రి దాటింది. దిండు కింద ఫోన్ మోగింది. తెర మీద ఒకటే మాట: ఛార్జింగ్ ఆగిపోయింది.

కరెంటు పోయుంటుందనుకుని పక్కకు తిరుగుతారు. టేక్మాల్‌లో అది వింతేం కాదు. కానీ తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

దిగ్గున లేస్తారు. కిటికీ రెక్క తోస్తారు. వాకిట్లో ఛార్జింగ్ వైరు నేల మీద పడి ఉంది. కారు లేదు.

ఇంజిన్ చప్పుడు వినబడలేదే అని ఆశ్చర్యపోతారు. ఎలక్ట్రిక్ కారుకు ఆ చప్పుడు ఎక్కడిది? తాళం కోసం గోడ తడుముతారు. కిటికీ పక్క మేకుకు అలాగే వేలాడుతోంది. మరి తలుపు ఎలా తెరుచుకుంది?

తాళం జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకునే కారు మీది. గోడ అవతల ఒకడు పరికరం పట్టుకుని నిలబడి ఉంటాడు. అది కారు పిలుపును కిటికీ దాకా చేరవేసింది. మేకుకున్న తాళం బదులిచ్చింది. ఆ బదులు కారు పక్కనున్న రెండోవాడి పరికరానికి చేరింది. తాళం దగ్గరే ఉందని కారు నమ్మింది. తలుపు లాక్‌తో పాటు ఛార్జింగ్ గన్ లాక్ కూడా వదిలింది. మీకు మెసేజ్ వచ్చింది అప్పుడే. దొంగలకు ఇది ఒక్కటే దారి కూడా కాదు. 2021 జనవరిలో బంజారాహిల్స్‌లో ఓ స్టార్ హోటల్ పార్కింగ్‌లోంచి సినీ నిర్మాత కారు మాయమైంది. అది ఎలక్ట్రిక్ కారు కాదు. ఆ కేసులో 2022లో పట్టుబడ్డ జైపూర్ వాసి, ఎలక్ట్రానిక్ పరికరంతో మారు తాళం తయారుచేసుకునేవాడు.

"ఏమైంది బిడ్డా?" మంచం మీంచి నాయిన గొంతు.

"కారు ఎత్తుకపోయిన్రు నాయినా."

యాప్ తెరుస్తారు. చేతులు వణుకుతున్నాయి. పాస్‌వర్డ్ ఒకసారి తప్పుతుంది. మళ్లీ కొడతారు. మ్యాప్ వస్తుంది. దాని మీద నీలం చుక్క.

చుక్క కదులుతోంది.

కారులో ఒక సిమ్ ఉంది. అది సెల్ టవర్ల ద్వారా కంపెనీ సర్వర్‌కు తన చోటు చెబుతోంది. అక్కడి నుంచి మీ ఫోన్‌కు వస్తోంది. ఈ లోపు కారు ముందుకు వెళ్లిపోతుంది. అంటే మీరు చూస్తున్నది కాసేపటి కిందటి చోటు. మ్యాప్ పక్కనే ఇంకో అంకె: ఛార్జింగ్ 31 శాతం. నిండా ఛార్జ్ చేస్తే 250 కిలోమీటర్లు నడిచే బండి. అంటే ఇంకో 77 కిలోమీటర్లు, అంతే. దొంగ ఎంత దూరం పోగలడో మీకు తెలుసు. ఆ తర్వాత వాడు ఎక్కడో ఒకచోట ఆగాలి.

పక్కింటి తమ్ముడు బైక్ బయటికి తీశాడు. "నడువన్నా, పోయి పట్టుకుందాం!"

కాలు కదులుతుంది. ఆగండి. బండిలో ఎంతమంది ఉన్నారు? చేతుల్లో ఏముంది? మీకు తెలియదు. బైక్ లోపల పెట్టమనండి. 112 కొట్టండి.

బండి నంబరు చెప్పండి. రంగు, ఛార్జింగ్ శాతం చెప్పండి. చుక్క ఉన్న చోటుతో పాటు ఆ టైము కూడా చెప్పండి. మా పరిధి కాదని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే.

చుక్క జాతీయ రహదారి 161 ఎక్కింది. ఒకవైపు సంగారెడ్డి, హైదరాబాద్. ఇంకోవైపు దెగ్లూర్, నాందేడ్. మహారాష్ట్ర.

యాప్‌లో ఎర్ర బటన్. 'వాహనాన్ని నిలిపివేయి.'

నొక్కాలా?

హైవే మీద చీకటి. వెనక లారీలు. బొటనవేలు గాల్లో ఆగింది. నడుస్తున్న బండిని ఇలాంటి బటన్ సాధారణంగా ఆపదు. ఒకసారి ఆగిన బండిని మళ్లీ కదలనివ్వదు.

112లో ఉన్న మనిషిని అడుగుతారు. "బండి ఆగినంక నొక్కండి."

చుక్క ఆగింది.

నొక్కబోతారు. కాదు. ఆగింది కారు కాదు. సిగ్నల్.

ఒక నిమిషం. చీకటి మ్యాప్. రెండు. నాయిన మాట్లాడటం లేదు. మూడు.

వచ్చింది. రోడ్డు పక్కన. వేగం సున్నా. బండి ఆఫ్.

నొక్కండి.

పని అయింది. ఆ చోటు పోలీసులకు పంపండి. అక్కడికి మీరు వెళ్లకండి.

టేక్మాల్ మండలానికి సిగ్నళ్ల సంగతి ముందే తెలుసు. 2023 జనవరిలో వెంకటాపూర్ శివారులో ఓ కారు కాలిపోయింది. అందులో దొరికిన శవం కారు యజమానిదే అనుకున్నారు. పోలీసులు ఫోన్ జాడ పట్టుకుని వెళ్తే ఆ యజమాని ప్రాణాలతో దొరికాడు.

పోలీసుల ఫోన్ కోసం ఎదురుచూస్తూ వాకిట్లో కూర్చుంటారు. అప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది: ఈ చుక్కను నేను ఒక్కడినే చూస్తున్నానా? ఆ భయానికి కారణం ఉంది. 2016లో నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారుకు, ముందు అద్దం మూలన కనిపించే నంబరు తెలిస్తే చాలు, ఎక్కడి నుంచైనా దాని ఏసీ ఆన్ చేయగలిగారు. ఎప్పుడెప్పుడు ప్రయాణించిందో చూడగలిగారు. కంపెనీ ఆ యాప్‌ను ఆపేయాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో ఇంకా పెద్దది బయటపడింది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు నెలల తరబడి కాపలా లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉన్నాయి. వాటిలో సుమారు 4.6 లక్షల కార్లు ఎక్కడెక్కడ ఆగాయో కూడా అందులో ఉంది. దొంగ ఎక్కడున్నాడో చెప్పే చుక్కే, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కూడా చెబుతుంది. అందుకే ఈ చుక్క ఎవరెవరి చేతిలో ఉందో తెలుసుకోవడం యజమాని హక్కు. అది కంపెనీలు దయతలచి ఇచ్చేది కాదు.

మీ కారు ఇంకా వాకిట్లోనే ఉంటే, యాప్ ఇప్పుడే తెరవండి. పాస్‌వర్డ్ మార్చండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే పాత యజమాని పేరు తీయించండి. తాళాన్ని మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా పట్టుకుని కారు తలుపు లాగి చూడండి. తెరుచుకుంటే డబ్బా మార్చండి. 112 నంబరు ఇంట్లో అందరికీ నోటికి రావాలి, పిల్లలతో సహా.