చుక్కతో మొదలైన పద్దు

బుల్లెట్ జర్నల్ అనగానే ఇప్పుడు రంగుల స్కెచ్ పెన్నులు, వాషీ టేపులు, పూలతీగల మధ్య ముత్యాల్లాంటి తేదీలు కళ్లముందు మెదులుతాయి. ఇన్‌స్టాగ్రామ్ దానికి తొడిగిన వేషమది. చేయాల్సిన పనుల్ని గుర్తులతో రాసుకునే అసలు పద్ధతికి ఒక పెన్ను, ఒక నోటుబుక్ చాలు.

దీన్ని రూపొందించిన రైడర్ క్యారల్ ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టాడు. అతనికి ఏకాగ్రత లోపం ఉందని చిన్నప్పుడే వైద్యులు తేల్చారు. చదువు సాగాలంటే మనసు నిలిచిన ఆ కాసేపట్లోనే విషయాన్ని పట్టుకోవాలి. అంత తొందరలో నిండు వాక్యాలు రాసే వ్యవధి ఎక్కడిది? ఏళ్ల తరబడి తన కోసం తాను చేసుకున్న చిట్కాలు గుర్తులుగా కుదిరాయి. చేయాల్సిన పనికి చుక్క, కార్యక్రమానికి చిన్న సున్నా, గుర్తుంచుకోవాల్సిన విషయానికి అడ్డగీత. పని అయిపోతే చుక్క మీదే ఇంటూ. మిగిలిపోతే ఆ చుక్కే బాణం మొన అవుతుంది, పని వచ్చే నెల పేజీకి ఎక్కుతుంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో డిజిటల్ డిజైనర్‌గా పనిచేస్తూ 2013లో ఈ పద్ధతిని వెబ్‌సైట్‌లో పెట్టాడు. 2018లో పుస్తకం రాశాడు. తెరలు తీర్చిదిద్దడమే వృత్తిగా ఉన్నవాడు కాగితాన్ని నమ్ముకోవడం నాకు చాలా నచ్చిన విషయం.

దీని పూర్వీకులు పాతవాళ్లే. చదివినవాటిలోంచి రాసుకున్న ముక్కలు మళ్లీ దొరకాలంటే పుస్తకం మొదట్లో సూచిక ఎలా వేసుకోవాలో తత్వవేత్త జాన్ లాక్ 1686లో ఫ్రెంచిలో అచ్చువేయించాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మరీ పట్టుదల మనిషి. అలవరచుకోదలచిన పదమూడు గుణాలకు పదమూడు అడ్డవరుసలు, వారానికి ఏడు నిలువు గడులు ఎర్రసిరాతో గీసుకున్నాడు. తప్పు జరిగినప్పుడల్లా ఆ గడిలో నల్లచుక్క. చెరిపి మళ్లీ వాడేసరికి కాగితం చిల్లులు పడింది. దాంతో గీతలను దంతపు రేకుల మీదికి మార్చి, చుక్కలు పెన్సిల్‌తో పెట్టి, తడి స్పాంజితో తుడుచుకునేవాడు. ఆ పదమూడింటిలో ఆయన్ను ఎక్కువ ఏడిపించింది క్రమబద్ధతే!

వీళ్లను చూసి క్యారల్ రాశాడని నేననడం లేదు. తలలో నిలవనిదాన్ని కాగితం మీద నిలపాలన్న అవసరం ఒక్కటే. మన కొట్లలోనూ ఏరోజు లావాదేవీలు ఆరోజు చిట్టాలో రాసి, తర్వాత ఖాతాలవారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. క్యారల్ పద్ధతికి ప్రాణం కూడా ఈ ఎక్కించడంలోనే ఉంది. ఒక్క తేడా. గుమాస్తా దేన్నీ వదలకూడదు, ఇక్కడ వదలాలి. చేత్తో మళ్లీ రాయడానికి బద్ధకం వేసిందంటే ఆ పని అంత ముఖ్యం కాదన్నమాట, కొట్టేయొచ్చు. ఫోన్‌లోని జాబితా ఈ ప్రశ్న వేయదు, మిగిలిన పనుల్ని తనంతట తానే మర్నాటికి నెట్టేస్తుంది. అందుకే అది పెరుగుతూనే ఉంటుంది.

మొదలుపెట్టాలనుకుంటే కొత్త పుస్తకం కొనక్కర్లేదు. పిల్లలు సగం రాసి వదిలేసిన నోటుబుక్ తీసుకోండి. ముందు నాలుగు పేజీలు సూచికకు వదిలి, మిగతావాటికి నంబర్లు వేయండి. ఈరోజు తేదీ రాసి, చేయాల్సిన పనులకు చుక్కలు పెట్టండి. బొమ్మలు వేసే సరదా ఉంటే వేసుకోండి, లేకపోతే మానేయండి. నెలాఖరున తిరగరాయడం మాత్రం మానకండి.