యంత్రములోని యంత్రమునకు వాకిలి



మీ గ్రామములనుండి చదువునిమిత్తము హైదరాబాదు పోయిన పిల్లలు పలువురు దిల్‌సుఖ్‌నగరులోనో, లాల్‌బహదూరునగరులోనో హాస్టలు గదులలో నుందురు. ఆ తూర్పుపేటలలో కంప్యూటరు నేర్పు శాలల పేరుపలకలు అంతస్తు కొకటిగా వ్రేలాడుచుండును. ఒక్క లాప్‌టాపు నెదుట పెట్టుకొని, "దీనిలో నింకొక కంప్యూటరు నడచుచున్నది" అని కుర్రవాడు చెప్పినచో మీరు వేళాకోళ మనుకొనవలదు. ఆ లోపలిదానికి వేరుగా ఇనుము లేదు, తీగె లేదు. వెలుపలి యంత్రము తన శక్తిలో కొంత పాలు పంచి యిచ్చి, దానిని వేరొక యంత్రమువలె నడపును. దీనినే వర్చ్యువల్ మెషీన్ అందురు. రెండు లాప్‌టాపులు కొనలేని విద్యార్థి ఒక్కదానితోనే రెండు తీరుల పని నేర్చుకొనుటకు ఇది గొప్ప యాధారము.

ఇల్లు పంచుకొనుట సులభమే. వాకిలి యొక్కటియైనప్పుడు గదా తగవు! పెన్ డ్రైవు, వ్రేలిముద్ర తీయు పరికరము, డిజిటల్ సంతకమునకు వాడు చిన్న బిళ్ళ, ఇవన్నియు లాప్‌టాపు ప్రక్కనున్న యూ.ఎస్.బి. రంధ్రములో గ్రుచ్చవలసినవే. గ్రుచ్చిన తరువాత ఆ వస్తువు ఎవరిది? వెలుపలి యంత్రమునదా, లోపలిదానిదా?

ఈ తగవు నేటిది కాదు. ఐ.బి.ఎం. కంపెనీ 1964లో సిస్టమ్ 360 అను గదినిండు యంత్రములను ప్రకటించెను. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఆ కంపెనీ శాస్త్రకేంద్రమువారు 1967లో సి.పి.-40 అను ఏర్పాటుచే ఒక్క యంత్రమును పలువురికి పలు యంత్రములుగా చూపగలిగిరి. 1972లో ఆ మార్గముననే వి.ఎం. 370 వెలువడెను. అచ్చుయంత్రమును అందరును పంచుకొనిరి. ఎవరి వ్రాత వారిదిగా ముందొకచోట కూడబెట్టి, వరుసను అచ్చువేయుటయే యుపాయము. టేపు చుట్టకు మాత్ర మది చెల్లలేదు. దానిని ఒకరి కప్పగించినంతసేపు తక్కినవారు కాచుకొనియుండవలసినదే. చెరువుక్రింది నీటివంతు లెరిగిన మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

1996 జనవరిలో యూ.ఎస్.బి. మొదటి నిబంధనలు వెలువడెను. అంతకుముందు మీటలపలక కొక తీరు రంధ్రము, అచ్చుయంత్రమున కొక తీరు; కొన్నవారికి తలనొప్పి. ఏడు కంపెనీలు కూడి చేసిన యీ పనిలో ఇంటెల్ కంపెనీ ఉద్యోగి అజయ్ భట్ ముఖ్యుడు. ఈయన బరోడాలో చదివిన మన దేశస్థుడే.

ఆ నిబంధనలలో నొక కట్టుబాటు కలదు. పరికరము తనంత తాను నోరు విప్పరాదు. యజమానియంత్ర మడిగినప్పుడే బదులు చెప్పవలెను. గ్రుచ్చగానే "నీ వెవరవు?" అని యజమాని యడుగును. పరికరము రెండు సంఖ్యలు చెప్పును. ఒకటి చేసిన కంపెనీది, అనగా ఇంటిపేరు. రెండవది ఆ రకపు వస్తువుది, అనగా పేరు. ఒకే యింట ఇద్దరు వెంకయ్యలున్నచో తండ్రిపేరు అడుగుదుము గదా! అట్టి మూడవ గురుతుగా వరుససంఖ్య కలదు. కాని కొన్ని చౌకసరకులలో అదియే యుండదు.

యజమాని యొక్కడే యని నిర్మించినదానిని ఇద్దరు యజమానుల యింటికి తెచ్చుటలో చిక్కు వచ్చెను. 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన వి.ఎం.వేర్ కంపెనీ 1999లో బల్లమీది కంప్యూటర్లకు లోపలి యంత్రమును తెచ్చెను. 2007లో జర్మనీదేశపు ఇన్నోటెక్ కంపెనీ వర్చ్యువల్‌బాక్సును ఉచితముగా నిచ్చెను. అది 2008లో సన్ కంపెనీకిని, 2010లో ఒరాకిల్ కంపెనీకిని చేరెను. దానిలో "ఈ యింటిపేరు, ఈ పేరు గలవాడు వచ్చినచో లోపలికి పంపుము" అని ముందే వ్రాసి పెట్టవచ్చును. అంతట వెలుపలి యంత్రము పరికరముపై పట్టు విడుచును. వెలుపలివానికి ఎవరో దానిని పెరికినట్లుండును. లోపలివానికి అప్పుడే గ్రుచ్చినట్లుండును. వెలుపల లినక్సు ఉన్నచో, వాడువాని పేరు తగిన జాబితాలో చేర్చనిదే పరికరములేవియు కానరావు. ఈ చిన్న సంగతి తెలియక రాత్రులు పాడుచేసికొన్నవా రెందరో! జపానుదేశపు నారా విద్యాసంస్థలో హిరోఫుచి అను పండితుడు 2005లో మరియొక మార్గము చూపెను. ఒక కంప్యూటరునకు గ్రుచ్చినదానిని నెట్‌వర్కుద్వారా వేరొక కంప్యూటరు వాడుకొనుటయే యది.

మా బంధువుల కుర్రవాడొకడు దిల్‌సుఖ్‌నగరులో నుండి, చదువు ముగింపున సమర్పింపవలసిన వ్రాతపనిని లోపలి యంత్రములోనుండి పెన్ డ్రైవుపై భద్రపరచుచుండెను. వెలుపలి తెరపై చూడగా పెన్ డ్రైవు జాడ లేదు. పని లేదు కాబోలునని చటుక్కున లాగివేసెను. లోపలి యంత్రము కడపటి పుటలను ఇంకను తన జ్ఞాపకములోనే యుంచుకొని, పెన్ డ్రైవుపైకి దింపలేదు. పుస్తక మంతయు తెరచుకొనకుండ చెడెను. సమర్పణ మరునాడే. రెండెకరముల కౌలు సొమ్ముతో వానిని చదివించుచున్న తండ్రి ఆ రాత్రి ఫోనుచేసి "అయినదా, నాయనా?" అని యడిగెను. "అగుచున్నది, నాన్నా" అని చెప్పి, తెల్లవారువరకు మరల వ్రాసెను. ఈమారు లోపలి యంత్రమునకు మొదట సెలవు చెప్పి, అది పరికరమును విడిచినదని తెర చూపువరకు చేయి చాపలేదు. పిమ్మట పెన్ డ్రైవును చొక్కాజేబులో వేసికొని, లాల్‌బహదూరునగరువైపునుండి వచ్చు మెట్రోరైలు నందుకొనుటకు మెట్లెక్కెను.