జిప్సీ పోయి జిమ్నీ వచ్చె: ధర రెట్టింపు, సీట్లు సగం

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో మన విపణిలోకి వచ్చి, 2019 మార్చిలో సామాన్య కొనుగోలుదారులకు దూరమైన తేలికపాటి జీపు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించగల ఈ వాహనం సైన్యంలోను, పోలీసు శాఖలోను, అటవీ శాఖలోను, కార్ల పందాలలోను మూడు దశాబ్దాలకు పైగా పనిచేసింది. దాని వంశంలోనిదే అయిన జిమ్నీ 2023 జూన్‌లో వచ్చింది. జిప్సీ చివరి రోజులలో షోరూం ధర సుమారు ఆరు లక్షల రూపాయలు కాగా, జిమ్నీ ధర 12 లక్షల 74 వేల వద్ద మొదలైంది. పాత వాహనంలో ఎనిమిది మంది కూర్చునేవారు. కొత్తదానిలో నలుగురికే చోటు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు, జిప్సీతో జీవనం సాగించినవారికి జిమ్నీ ఎందుకు అక్కరకు రాలేదో అర్థమవుతుంది.

పుట్టు పూర్వోత్తరాలు

జిప్సీ మూలం జపానులో ఉన్నది. సుజుకి సంస్థ 1970లో 359 సి.సి. ఇంజనుతో జిమ్నీ అనే బుల్లి జీపును తయారు చేసింది. దానిలోని తరువాతి తరమైన ఎస్.జె.410 అనే రకాన్ని, పొడవు పెంచిన చాసిస్‌తో, మారుతి ఉద్యోగ్ సంస్థ గుర్గావ్ కర్మాగారంలో తయారు చేసి జిప్సీ అని పేరు పెట్టింది. మారుతి తొలి కారు బయటికి వచ్చినది 1983 డిసెంబరులో. అంటే, మారుతి 800 వచ్చిన రెండేళ్లకే జిప్సీ వచ్చినదన్నమాట. ఆ కాలపు కొనుగోలుదారునికి జీపు అనగా మహీంద్రా జీపే. బరువైన డీజిల్ ఇంజను, దుక్కలాంటి స్టీరింగు, గంటకు అరవై కిలోమీటర్లు దాటితే ఊగిపోయే బండి. అటువంటి రోజులలో పెట్రోలుతో నడిచి, కారువలె సులభంగా తిరిగే జీపు ఒక వింతగానే తోచింది.

మొదటి జిప్సీలో 970 సి.సి. ఇంజను, నాలుగు గేర్లు ఉండేవి. శక్తి 45 హార్స్‌పవర్. సన్నని చక్రాల ఎడం వలన మలుపులలో పట్టు చాలదన్న విమర్శ రాగా, 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1,298 సి.సి. ఇంజనుతో, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. దాని శక్తి 60 హార్స్‌పవర్. 2000లో ఆ ఇంజనుకే పదహారు వాల్వులను, ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతిని చేర్చి 80 హార్స్‌పవర్‌కు పెంచారు. ఆ తర్వాత దాదాపు ఇరవై యేళ్లు చెప్పుకోదగిన మార్పేదీ జరగలేదు. ప్రపంచమంతటా సుజుకి 1998లోనే కాయిల్ స్ప్రింగుల జిమ్నీకి మారిపోయినా, ఇక్కడ మాత్రం కమాన్ కట్టల జిప్సీయే కొనసాగింది.

దాని నడక

జిప్సీ గుణమంతా దాని తేలికదనంలో ఉన్నది. గుడ్డ టాపు రకం బరువు 985 కిలోలు మాత్రమే. నిచ్చెన ఆకారపు ఉక్కు చాసిస్, ముందూ వెనుకా కదలని ఇరుసులు, నేలకూ బండి అడుగుకూ మధ్య 210 మిల్లీమీటర్ల ఎడం. మామూలు రోడ్డుపై వెనుక చక్రాలే బండిని నడుపుతాయి. బురదలోనో ఇసుకలోనో దిగినప్పుడు, గేరు రాడ్డు పక్కనున్న రెండవ రాడ్డును లాగితే ముందు చక్రాలకు కూడ బలం అందుతుంది. అదే రాడ్డుతో లో గేరు వేసినచో వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. ముందు చక్రాల మధ్యనున్న హబ్బులను దిగి చేతితో తిప్పి బిగించవలసి ఉండేది. ఈ పని మరచి, నాలుగు చక్రాలూ తిరుగుట లేదేమని తల పట్టుకున్న కొత్త డ్రైవర్లు ఎందరో.

వెయ్యి కిలోలు లేని బండి బురదలో కూరుకుపోయినా, నలుగురు మనుషులు భుజం పట్టి బయటికి తేగలరు. కొండదారిలో అడవి మధ్య ఆగిపోతే ఈ ఒక్క సౌలభ్యమే ప్రాణాలు నిలబెడుతుంది. యంత్రం సరళమైనది కావున, పెద్ద పట్టణాల వర్క్‌షాపు అవసరం లేకుండా తాలూకా కేంద్రపు మెకానిక్ సైతం బాగుచేయగలిగేవాడు. పైగా ఎస్టీమ్ కారులో వాడినది కూడ ఇదే జాతి ఇంజను. కనుక ఇంజను సామాను విషయంలో యజమానులకు పెద్ద చిక్కు రాలేదు.

లోపాలూ తక్కువేమీ కావు. లీటరు పెట్రోలుకు పది పదకొండు కిలోమీటర్లకు మించి వచ్చేది కాదు. డీజిల్ రకం ఎన్నడూ రాలేదు. కమాన్ కట్టల కుదుపుకు నడుములు పట్టేసేవి. వెనుక సీట్లు ఎదురెదురుగా వేసిన బల్లలు. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ బ్రేకులు లేవు. ఈ కారణాల చేత సొంతానికి కొన్నవారు ఎప్పుడూ కొద్దిమందే. జిప్సీకి పేరు తెచ్చినది ఇంటి వాకిట నిలిచిన బండి కాదు, పనిలో దిగిన బండి.

సైన్యంలో

సైన్యం వద్ద అంతకుముందు జబల్‌పూర్ వాహన కర్మాగారంలో తయారైన జోంగా ఉండేది. దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజనుతో అది ఇంధనాన్ని తాగేసేది. ఐదు వందల కిలోల బరువు మోయగల తేలిక వాహనంగా జిప్సీ సైన్యంలో స్థిరపడింది. సియాచిన్ దారులనుండి రాజస్థాన్ ఇసుక వరకు వేలకొలది జిప్సీలు తిరిగాయి. సైన్యం తర్వాత ఎనిమిది వందల కిలోలు మోయగల, గట్టి టాపు, ఏసీ గల బండిని కోరింది. అందుకు టాటా సఫారీ స్టార్మ్ ఎంపికై, 2017లో 3,192 వాహనాలకు ఒప్పందం కుదిరింది. విచిత్రమేమనగా, జిప్సీ స్థానంలోకి వచ్చిన ఆ సఫారీ స్టార్మ్ సైతం 2019లోనే పౌర విపణినుండి వెళ్లిపోయింది. సైన్యం అదే సంవత్సరం మరల మూడు వేలకు పైగా జిప్సీలను ప్రత్యేక మినహాయింపుతో తెప్పించుకున్నది. సామాన్యునికి అమ్మకం ఆగిన తర్వాత కూడ గుర్గావ్‌లో జిప్సీలు తయారైనది ఈ కారణం చేతనే.

ఎందుకు ఆగింది

జిప్సీని ఆపినది గిరాకీ లేమి కంటె ఎక్కువగా నిబంధనలు. అప్పటికే అమ్మకంలో ఉన్న కార్లకు 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే యేడు అక్టోబరు నుండి ఢీకొట్టి చూచే పరీక్షలు అన్ని కార్లకూ వర్తించాయి. 2020 ఏప్రిల్ నుండి బీఎస్-6 పొగ నిబంధన అమలులోకి వచ్చింది. ముప్పయ్యేళ్లనాటి చాసిస్‌ను ఈ మూడింటికీ అనువుగా మార్చుటకు అయ్యే ఖర్చు, ఏడాదికి అమ్ముడయ్యే కొద్దిపాటి బండ్లపై రాబట్టుట సాధ్యం కాదు. భద్రత అనవసరమని ఎవరూ అనజాలరు. సీటు బెల్టు లేని బల్లపై పక్కకు తిరిగి కూర్చున్న మనిషికి ప్రమాదంలో రక్షణ ఏమున్నది? నిబంధనలు సరియైనవే. వాటి ఖర్చు ఎవరిపై పడినదన్నది మాత్రం వేరే ప్రశ్న.

జిమ్నీ రాక

నాల్గవ తరం జిమ్నీ జపానులో 2018లో విడుదలైంది. మూడు తలుపుల రకాన్ని మారుతి 2021 నుండి ఎగుమతి చేయసాగినా, ఇక్కడ అమ్మలేదు. మన దేశం కొరకు పొడవు పెంచిన ఐదు తలుపుల రకాన్ని 2023 జనవరిలో ప్రదర్శించి, జూన్ 7న ధర ప్రకటించారు. 12 లక్షల 74 వేల నుండి 15 లక్షల 5 వేల వరకు, అది కూడ షోరూం ధర. అమ్మకం నెక్సా షోరూములలో. ఆ అద్దాల మేడలోకి ఎటువంటి కొనుగోలుదారుడు అడుగుపెడతాడని సంస్థ తలచినదో ఇక వేరే చెప్పనక్కరలేదు.

యంత్రపరంగా జిమ్నీ తన వంశాన్ని నిలబెట్టింది. నిచ్చెన చాసిస్, కదలని ఇరుసులు, ప్రత్యేక రాడ్డుతో లో గేరు, 210 మిల్లీమీటర్ల ఎడం అన్నీ ఉన్నాయి. కమాన్ కట్టలు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 1,462 సి.సి. ఇంజను 105 హార్స్‌పవర్ శక్తినిస్తుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏసీ, బండి జారకుండ కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్నాయి. బరువు సుమారు 1,200 కిలోలు. పైకి ఎక్కుటలో, గోతులు దాటుటలో దానిని మించినవి ఆ పరిమాణంలో అరుదు.

ధరలో పన్ను వాటా కూడ చిన్నది కాదు. నాలుగు మీటర్ల లోపు పొడవున్న పెట్రోలు కారుకు ఇంజను 1,200 సి.సి. లోపుంటే తక్కువ పన్ను. జిమ్నీ పొడవు 3,985 మిల్లీమీటర్లే అయినా ఇంజను పెద్దది కావున, విడుదలనాటికి జీఎస్టీ, సెస్సు కలిపి 45 శాతం పడింది. 2025 సెప్టెంబరు నుండి అది 40 శాతమైంది.

ఇంత ధర పెట్టగలవారు అదే సొమ్ముకు మరింత చోటున్న బండిని చూసుకున్నారు. తొలి నెలలలో మూడు వేల చొప్పున అమ్ముడైన జిమ్నీ, 2023 చివరినాటికి నెలకు వెయ్యి కూడ దాటలేదు. రెండు లక్షల వరకు తగ్గింపులు ప్రకటించవలసి వచ్చింది. కాగా ఇదే బండి, ఇదే గుర్గావ్ కర్మాగారంనుండి, జిమ్నీ నోమేడ్ అను పేరుతో 2025 జనవరి చివర జపానులో ప్రకటింపబడగా, నాలుగు రోజులలో సుమారు 50,000 ఆర్డర్లు వచ్చిపడ్డాయి. నెలకు 1,200 అమ్మదలచిన సుజుకి ఆర్డర్లు తీసుకొనుటే ఆపివేసింది. సరుకులో లోపం లేదు. ఇక్కడి పనికీ, ఇక్కడి కొనుగోలుదారుని స్తోమతకూ అది పొసగలేదు.

తాడోబా వాకిట

ఈ మార్పు పనివాని మీద ఎట్లు పడుతుందో చూడదలచినవారికి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా మంచి ఉదాహరణ. బొగ్గు గనులలోను, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులోను పనికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి, పూర్వం హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన రాజురా ప్రాంతపు తెలుగువారికి ఇది సొంత జిల్లాయే. ఇక్కడి తాడోబా-అంధారి పులుల అభయారణ్యం తెలంగాణ నుండి కూడ యాత్రికులను రప్పిస్తుంది. మొహర్లి, కొలారా వంటి ద్వారాలనుండి లోనికి వెళ్లేది ఎక్కువగా టాపు తీసిన జిప్సీలలోనే. ఒక్కొక్క బండిలో ఆరుగురు సందర్శకులు, ఒక గైడు, ఒక డ్రైవరు. టికెట్టు తీసుకునేచోట సైతం ఆ ప్రయాణానికి జిప్సీ సఫారీ అనే పేరు స్థిరపడింది.

లెక్క స్పష్టమైనది. జిమ్నీ నాలుగు సీట్లలో డ్రైవరు, గైడు పోగా మిగిలేది ఇద్దరు సందర్శకులకు చోటు. ఆరుగురు పంచుకునే ఖర్చును ఇద్దరిపై వేయుట ఎట్లు? పైగా దాని టాపు ఉక్కుతో బిగించినది, విప్పుటకు వీలులేదు. పెట్టుబడి రెట్టింపు, రాబడి మూడవ వంతు అయినచో, అడవి అంచు గ్రామంలో అప్పు చేసి బండి కొనే యువకునికి బ్యాంకు వాయిదా తీరదు. వర్షాకాలపు మూడు నెలలు అడవి లోపలి భాగం మూసి ఉండుట వలన, ఏడాది వాయిదాలను తొమ్మిది నెలల సంపాదనతోనే తీర్చవలసి ఉంటుందన్నది మరువరాదు.

మహీంద్రా థార్ కథ కూడ ఈ తీరుననే సాగింది. 2010లో పని జీపుగా వచ్చిన థార్, 2020 అక్టోబరులో కొత్త రూపంతో 9 లక్షల 80 వేల వద్ద మొదలైంది. అందులో ఎదురెదురు బల్లలు గల ఆరు సీట్ల చవక రకాలు కొద్దికాలానికే తొలగిపోయి, నాలుగు సీట్లవే మిగిలాయి. అమ్మకాలలో థార్ ఘన విజయం సాధించింది. ఆ విజయం పట్టణపు యువతది. కొండ గ్రామాలకు సంతనాడు మనుషులను, మూటలను చేరవేసిన కమాండర్ జీపు వారసత్వం దానికి దక్కలేదు.

ఈ కారణం చేత పాత జిప్సీకి గిరాకీ నేటికీ తగ్గలేదు. మంచి స్థితిలోని బండికి యజమాని చెప్పినదే ధర. కొనదలచినవారు ముందుగా చాసిస్ తుప్పును, కమాన్ కట్టల కొక్కేలను, రెండవ రాడ్డు పనితీరును చూచుకొనుట మంచిది. సొంత వాహనానికి పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే అయిదేళ్లకొకసారి పొడిగింపు లభిస్తుంది. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగింది. ప్రభుత్వ శాఖల వాహనాలకు ఈ వెసులుబాటు కూడ లేదు. 2023 ఏప్రిల్ నుండి పదిహేనేళ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్ రద్దవుతున్నది. దేశరక్షణకు, శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. అటవీ శాఖ పాత జిప్సీలకు అది వర్తించదు. షోరూమునుండి చివరగా బయటికి వచ్చిన 2019నాటి సొంత జిప్సీలకు తొలి గడువు 2034లో తీరుతుంది.