గురి ఎవరిది? దత్తమండలంలో భాషల చదువు

మొదటి బుక్కరాయల పేరు మోస్తున్న, అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చుట్టుపక్కల తెలుగు, కన్నడం ఏనాటి నుంచో కలిసి వినబడుతున్నాయి. తర్వాత ఉర్దూ చేరింది. సంతలో బేరం కుదరాలన్నా, కరువు ఏట బళ్లారి వైపు పనికి పోవాలన్నా పక్క భాష కావాలి. ఎంత అవసరమో అంత, ఎవరికి వారే పట్టుకున్నారు. భాషల చదువు చరిత్ర రాసేవాళ్లు ఈ రైతులను, కూలీలను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి 1807 దాకా పాలించాడు. రైతు గోడు దుభాషీ నోట కాకుండా రైతు నోటే వినాలన్నది ఆయన పట్టుదల. 1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కళాశాల వచ్చింది. దొరలకు పండితులు దేశభాషలు నేర్పేవారు, తర్వాత పరీక్షలు. అక్కడ గురి కంపెనీది. పరీక్ష గట్టెక్కితే చాలామందికి చదువు అయిపోయినట్టే.

1817లో మద్రాసు చేరిన కంపెనీ ఉద్యోగి సి.పి.బ్రౌన్ పరీక్షతో ఆగలేదు. 1820లో కడపకు వచ్చాడు. 1824లో ఫ్రెంచి మతగురువు దుబ్వా రాసిన పుస్తకంలో వేమన పేరు చూశాక తన గురి తానే పెట్టుకున్నాడు. తాళపత్ర ప్రతులు తెప్పించాడు, పద్యం పద్యం పక్కపక్కన పెట్టి పాఠభేదాలు చూశాడు, అర్థం కానిచోట పండితులను అడిగాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. కడప బంగళాలో పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పని సాగించాడు. 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆ శ్రమ ఫలమే.

అనంతపురం దాపునే ఉన్న చియ్యేడులో 1914లో పుట్టిన కవి పుట్టపర్తి నారాయణాచార్యులు మన ఇంటి ఉదాహరణ. పెనుకొండలో పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నారు. అక్కడితో ఆగక ప్రాకృతం, మలయాళం అంటూ పద్నాలుగు భాషల దాకా పోయారు. ఏ పరీక్షా ఆయన్ను అంత దూరం నడిపించలేదు.

నేర్చుకునేవారే గురి పెట్టుకోవడమన్న ఈ సంగతికి ఐరోపాలో సిద్ధాంతరూపం 1979లో వచ్చింది. ఏం సాధించాలి, ఏది చదవాలి, ఎలా చదవాలి, ఎంత వచ్చిందో ఎలా తేల్చుకోవాలి అన్న బాధ్యత నేర్చుకునేవారే తీసుకోవాలని ఫ్రాన్సులోని నాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్రీ ఒలెక్ రాశాడు. 2001లో ఐరోపా మండలి భాషా సామర్థ్యానికి ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు ఖరారు చేసింది. వాటిలో ప్రశ్న ఎన్ని మార్కులు వచ్చాయని కాదు, ఆ భాషలో ఏ పని చేయగలవని. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) పల్లె యువతకు జర్మన్, ఫ్రెంచి, స్పానిష్ నేర్పిస్తోంది. వాళ్లకు ఈ మెట్లు బాగా అక్కరకొస్తాయి.

బుక్కరాయసముద్రం మండలం జంతలూరు ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చోటు. ఇటువైపు బడుల్లో మాత్రం ఇంగ్లీషంటే ఇంకా ముప్పై అయిదు మార్కుల గండమే. అయ్యవార్లకు ఒక్క మనవి: ఈ ఏడు పాఠం మొదలుపెట్టే ముందు, ఆ భాషతో ఏం చేయాలనుకుంటున్నారో పిల్లలనే అడిగి, వాళ్ల చేతే నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించండి. మూడు నెలలకోసారి ఆ పేజీ వాళ్లే తిరగేసి చూసుకోనివ్వండి.